అక్క చెప్పిన అర్థం

జూన్ 4

అక్కా,

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, వినపడిన సగంలో నన్ను మాట్లాడనివ్వవు. పైగా ఇది ఇంగ్లీషు మాట వ్యవహారం. అందుకే రాస్తున్నాను.

మార్చిలో మా నీళ్ల ప్లాంటులో గ్యాసు కారిందని చెప్పాను కదా. నీళ్లలో కలిపే క్లోరిన్ అది. పెద్ద పెద్ద ఇనుప సిలిండర్లలో వస్తుంది. ఆ రోజు పొద్దున సిలిండరు మార్చిన గంటకి జాయింటు దగ్గర కారడం మొదలైంది. నాతో పదకొండేళ్లుగా ఒకే షిఫ్టు చేస్తున్న మీసాలాయన ఆ సిలిండర్ల షెడ్డులో ఉన్నాడు. నేను మాస్కు తగిలించుకుని లోపలికి వెళ్లి, వాల్వు కట్టేసి, అతన్ని చంకల కింద చేతులేసి బయటికి లాక్కొచ్చాను. నాకు రెండు రోజులు కళ్లు మండాయి, అంతే. అతను ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయట. మాట గాలిలా వస్తోంది.

పోయిన వారం విచారణ రిపోర్టు వచ్చింది. అంతా ఇంగ్లీషే. ఇంజినీరుగారు నా గురించి ఉన్న పేజీ తెరిచి, "చదువుకుని సంతకం పెట్టు. అభ్యంతరముంటే పదిహేను రోజుల్లో రాసివ్వు" అన్నారు. నాకు వాల్వుల పేర్లు, మీటర్ల మీది అంకెలు తప్ప ఇంకేం చదవడం వచ్చు? పందొమ్మిదేళ్ల అనుభవం ఉన్న సీనియర్ ఆపరేటర్ అన్నంతవరకు బోధపడింది. ఆ పక్కన "కంప్లేసెంట్" అని ఉంది. తర్వాత రెండు లైన్లున్నాయి, వాటిలో నాకు తెలిసినవి సిలిండర్, మార్నింగ్. ఆఫీసు గుమాస్తాని అడిగితే, "కాంప్లిమెంట్‌కి చుట్టమై ఉంటుందిలే" అన్నాడు. కంప్లైంట్‌కి చుట్టమేమోనని నా భయం.

అక్షరాలు ఒక్కొక్కటే రాసుకొచ్చాను: సి, ఓ, ఎం, పి, ఎల్, ఏ, సి, ఈ, ఎన్, టి. అర్థం చెప్పు. సంతకం ఆపి కూర్చున్నాను.

నీ మరదలు మోకాలు నొప్పంటూనే ఇల్లంతా కడుగుతోంది. వద్దంటే నా మీద పడుతోంది. నీ చెవి మిషను బాగు చేయించావా?

తమ్ముడు


జూన్ 9

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది, సాయంత్రం పోస్టుకే జవాబు వేస్తున్నాను. దీనికి డిక్షనరీ ఎందుకురా? ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఒక్క మాట కోసం కళ్లద్దాలు వెతుక్కుని, బల్ల ఎక్కి, పై అరలోంచి ఆ బండ పుస్తకం దించాలా?

కంప్లేసెంట్ అంటే తృప్తిగా ఉండేవాడు. తొణకడు, బెణకడు, ఉన్నదానితో నిబ్బరంగా ఉంటాడు. ఊరికే గాభరాపడే రకం కాదని అర్థం. నీకు అతికినట్టు సరిపోయింది. గ్యాసులోకి వెళ్లి మనిషిని లాక్కొచ్చినవాణ్ణి ఇంకేమంటారు? ఆ రిపోర్టు రాసినాయన ఎవరో గానీ భాష తెలిసినవాడు. మీ గుమాస్తా చెప్పిందే నిజం. కంప్లైంట్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు.

నాన్న పోయేదాకా నిన్ను ఇంగ్లీషు తప్పినవాడనే అన్నాడు. ఇవాళ ఆ ఇంగ్లీషులోనే నిన్ను మెచ్చుకున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది. ఎదురింటావిడకి అప్పుడే చెప్పేశాను. రేపు లైబ్రరీలో కూడా చెబుతాను.

సంతకం పెట్టెయ్. ఉత్త సంతకం పెట్టి రాకు, కింద ఒక ముక్క కృతజ్ఞతగా రాయి. పెద్దవాళ్లు మెచ్చుకున్నప్పుడు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు ఉండిపోవడం మర్యాద కాదు.

మిషను బాగానే ఉంది. జనమే గొణుగుతున్నారు.

మా మరదల్ని మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోమను.

అక్క


జూన్ 17

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. సంతకం పెట్టి, దాని కింద తెలుగులో ఇలా రాశాను: "నా గురించి రాసిన మాటకు కృతజ్ఞుణ్ణి. ఇకముందు కూడా ఇలాగే ఉంటానని మనవి చేసుకుంటున్నాను." దస్తూరీ కుదురుగా రావాలని ముందు చిత్తు కాగితం మీద రాసి చూసుకున్నాను.

ఇంజినీరుగారు అది రెండుసార్లు చదివారు. "ఇది నువ్వే రాశావా?" అన్నారు.

"అవునండీ."

"ఎవరైనా రాయమన్నారా?"

"మా అక్కండీ. ఇంగ్లీషు టీచరు."

ఆయన ఫైలు మూసి సొరుగులో పెట్టుకున్నారు. భేష్ అనలేదు, కూర్చోమనీ అనలేదు. పెద్ద ఉద్యోగులు అలాగే ఉంటారు కాబోలు.

అటునుంచటే ఆసుపత్రికి వెళ్లాను. మీసాలాయనకి మీసం తీసేశారు, గొట్టాలు అతికించడానికి అడ్డమని. ఆ మొహం చూస్తే ఎవరో అనుకున్నాను. అతని భార్య పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఆవిడ కోర్టులో టైపిస్టు. పగలంతా ఆసుపత్రిలో ఉండలేక, సెలవు దొరక్క నలిగిపోతోంది. కాస్త మంచి కబురు చెబుదామని, "రిపోర్టులో నన్ను కంప్లేసెంట్ అని రాశారు చెల్లెమ్మా" అన్నాను.

ఆవిడ నా వంక అదోలా చూసింది. "మీకు సంతోషంగా ఉందా?" అంది.

"ఎందుకుండదమ్మా" అన్నాను.

లేచి నీళ్ల సీసా పట్టుకుని బయటికి వెళ్లిపోయింది. నేనున్నంతసేపూ మళ్లీ రాలేదు. మీసాలాయన నన్నే చూస్తున్నాడు. నేనేమైనా తప్పు మాట్లాడానా అక్కా?

తమ్ముడు


జూన్ 23

చిన్నోడా,

నువ్వేం తప్పు మాట్లాడలేదు. మొగుడు మంచం మీద ఉంటే, పక్కవాణ్ణి మెచ్చుకున్నారన్న కబురు ఏ ఆడదానికి రుచిస్తుంది? ఆవిడ కడుపుమంట ఆవిడది. మనసులో పెట్టుకోకు. నాలుగు రోజులు అటు వెళ్లడం మానెయ్, అదే సర్దుకుంటుంది.

నువ్వు రాసిన రెండు వాక్యాలూ బాగున్నాయి. "మనవి చేసుకుంటున్నాను" అనడం మరీ బాగుంది. ఎంతైనా నా తమ్ముడివి.

ఇక్కడ నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి. మీ ప్లాంటువాళ్లని అడగాలి అనుకున్నాను, మా ఊరి నీళ్లు మీవి కావుగా!

అక్క


జులై 2

ఇంగ్లీషు టీచరుగారికి,

నన్ను సిలిండర్ల షెడ్డులోంచి తీసేశారు. ఇప్పుడు గేటు దగ్గర కూర్చుని, వచ్చే లారీల నంబర్లు రాసుకుంటున్నాను. పందొమ్మిదేళ్ల తర్వాత.

ఎందుకో ఎవరూ చెప్పలేదు. క్యాంటీన్‌లో మాత్రం నన్ను చూడగానే, "ఇలాగే ఉంటానన్నావుగా, ఉండు ఉండు" అంటూ ఒకరి భుజం మీద ఒకరు కొట్టుకుని నవ్వుతున్నారు. చివరికి కొత్తగా చేరిన ఇంజినీరమ్మ గేటు దగ్గర ఆగితే, సిగ్గు విడిచి అడిగాను. ఆవిడ నా కూతురి వయసుది. చెప్పడానికి ఇబ్బంది పడింది.

"మీరు అర్థం తెలిసే సంతకం పెట్టారనుకున్నానండీ" అంది. "ఆ మాట మంచిది కాదు. అంతా నాకు తెలుసులే, ఏం కాదులే అని తృప్తిపడిపోయి, చూడాల్సింది చూడకుండా వదిలేసేవాళ్లని అలా అంటారు."

మిగతా రెండు లైన్లూ కూడా చదివి చెప్పమన్నాను. ఆ పొద్దున సిలిండరు మార్చాక, గ్యాసు కారుతోందా లేదా అని చెయ్యాల్సిన పరీక్ష చేసినట్టు నమ్మకం కలగడం లేదట. అదీ నా గురించి రాసిన మెప్పు. దాని కింద నేను కృతజ్ఞత చెప్పుకుని, ఇకముందు కూడా ఇలాగే ఉంటానని మాటిచ్చాను. మీసాలాయన భార్య కోర్టులో రోజంతా ఇలాంటి మాటలే టైపు చేస్తుంది. ఆవిడ మంచం పక్కన నిలబడి, ఆ మాటకి పళ్లికిలించాను. ఆవిడది కడుపుమంట అన్నావు నువ్వు. నాలుగు రోజులు వెళ్లొద్దన్నావు. పదిహేను రోజులైంది, వెళ్లలేదు.

నాకు చదువు రాదని నాకు తెలుసు. నీకు వచ్చని నమ్మాను.




జులై 2

చిన్నోడా,

ఈ ఉత్తరం చేరేలోగా నీకు ఎవరైనా చెప్పేసి ఉంటే, నన్ను ఎంత తిట్టుకున్నా తిట్టుకో. చెప్పకపోతే నేనే చెబుతున్నాను. నేను నీకు తప్పు చెప్పాను.

నిన్న లైబ్రరీలో, రిటైరైన హెడ్మాస్టరుగారి దగ్గర మళ్లీ నీ గురించి గొప్పగా చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "అమ్మా, ఆ మాట తమ్ముడికి ఎవరు రాశారు, ఎందుకు రాశారు?" అని మెల్లగా అడిగాడు. ఆ అడిగిన తీరుకే లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి బల్ల ఎక్కి డిక్షనరీ దించాను. దాని మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము పేరుకుంది.

మొదటి అర్థం "తన పట్ల తాను తృప్తిపడినవాడు" అనే ఉంది. అక్కడితో చదవడం ఆపితే నాది తప్పు కాదు. పక్కనే సన్న అక్షరాల్లో ఉంది: "ముఖ్యంగా, రాబోయే ప్రమాదాన్ని గాని, తనలోని లోపాన్ని గాని గమనించకుండా." ఇంగ్లీషులో కంటెంట్ అని వేరే మాట ఉంది. అది నిజమైన తృప్తి. ఇది చాలు అనుకున్నవాడు కంటెంట్. ఇక చూడక్కర్లేదు అనుకున్నవాడు కంప్లేసెంట్. ఈ తేడా ఎన్నోసార్లు పాఠంలో చెప్పాను కూడా. ఎప్పుడు మర్చిపోయానో నాకే తెలియదు.

రాత్రంతా దానికి తెలుగు మాట వెతికాను. పత్రికలవాళ్లు అలసత్వం అంటారు. అందులో బద్ధకం ఉంది, నువ్వు బద్ధకస్తుడివి కావు. నిర్లక్ష్యం అంటే లెక్కచెయ్యకపోవడం, అదీ కుదరదు. ధీమా దగ్గరగా వస్తుంది గాని, ధీమా ఒక్కోసారి మనిషికి అవసరమే. ఇంకోటి కూడా గమనించాను. ఈ మాట ఎవరూ తన గురించి అప్పటికప్పుడు చెప్పుకోలేరు. "నేనిప్పుడు కంప్లేసెంట్‌గా ఉన్నాను" అని తెలిసినవాడు అప్పటికే ఉలిక్కిపడి లేచి ఉంటాడు. అంతా అయిపోయాక అనుకుంటాం, లేదా పక్కవాళ్లు అంటారు. నేను నీకు జూన్ 9న రాసిన ఉత్తరం ఒకసారి తీసి చదువు. ఆ మాటకి అంతకంటే మంచి ఉదాహరణ నేను చూపించలేను.

నువ్వేం బెంగపడకు. ఇవాళే మీ చీఫ్ ఇంజినీరుగారికి రిజిస్టరు పోస్టులో రాశాను. మా తమ్ముడికి ఇంగ్లీషు రాదు, అర్థం నేను తప్పు చెప్పాను, ఆ సంతకం తెలియక పెట్టింది, దాన్ని కొట్టెయ్యండి అని. నీ మీద మచ్చ పడనివ్వను.

అక్క


జులై 15

అక్కా,

పోయిన ఉత్తరంలో నిన్ను టీచరుగారూ అన్నాను. అది మనసులో పెట్టుకోకు.

నీ ఉత్తరం ఆఫీసుకి అందింది. పని చేసింది కూడా. నా సంతకం చెల్లదని, మళ్లీ విచారణ పెట్టారు. ఈ నెల 23న. అయితే ఇంకోటి కూడా జరిగింది, అది నీకు తెలియదు. తప్పు నాది కాకపోతే ఇంకెవరిదైనా అవ్వాలిగా! మాస్కు పెట్టుకోకుండా షెడ్డులోకి వెళ్లాడు కాబట్టి తప్పు మీసాలాయనదే అని రాయబోతున్నారట. అలా రాస్తే అతని వైద్యం ఇక ఆఫీసు చేయించదు. పెద్దాసుపత్రిలోంచి పంపించేస్తారు. ఈ సంగతి ఇంజినీరమ్మ చెప్పింది. నువ్వు నన్నొక మాట అడక్కుండా రాసేశావు.

అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో కూడా నాకు తెలియదు. ఎందుకంటే నీకు చెప్పనిది ఒకటుంది. ఎవరికీ చెప్పలేదు. నీ మరదలికి కూడా.

సిలిండరు మార్చినప్పుడల్లా జాయింటులో కొత్త సీసపు వాషరు వెయ్యాలి. తర్వాత గుడ్డని అమ్మోనియాలో ముంచి జాయింటు చుట్టూ తిప్పాలి. గ్యాసు కారుతుంటే తెల్లటి పొగ లేస్తుంది. చేశామని రిజిస్టరులో టిక్కు పెట్టాలి. మొదటి పదేళ్లూ ఒక్కరోజు కూడా వదలకుండా చేశాను. ఒక్కసారి కూడా పొగ లేవలేదు. ఆ తర్వాత రోజు విడిచి రోజు చేశాను. తర్వాత వారానికోసారి. గత మూడేళ్లుగా నెల మొదటి తారీఖునే నెలంతటికీ టిక్కులు పెట్టేసి కూర్చుంటున్నాను. ఎవరూ అడగలేదు, ఏమీ కాలేదు. ఏమీ కానంతకాలం అది నా పనితనమే అనుకున్నాను.

ఆ రోజు పాత వాషరునే చేత్తో తుడిచి మళ్లీ వేశాను. చూడ్డానికి బాగానే ఉంది. మీసాలాయన గుమ్మంలో నిలబడి, "అన్నా, అమ్మోనియా చూపించలేదు" అన్నాడు. "నా ముక్కు కంటే మంచి అమ్మోనియా ఏముందిరా! ఏం కాదు, వెళ్లు" అన్నాను. నవ్వుకుంటూ వెళ్లాడు. మాస్కు గోడకి వేలాడుతూనే ఉంది. నా మాట విన్నాక అతనికి మాస్కు దేనికి?

రిపోర్టు రాసినాయన నన్నెప్పుడూ చూడలేదు. కాగితాలు మాత్రమే చూశాడు. అయినా సరిగ్గా రాశాడు అక్కా. ఇంజినీరమ్మ అర్థం చెబుతుంటే నాకు ముందు కోపం రాలేదు. దొరికిపోయినట్టయింది. కోపం తర్వాత తెచ్చుకున్నాను, నీ మీద.

23న వాళ్లు అడుగుతారు. ఏం చెప్పాలో నువ్వు చెప్పు. ఈసారి డిక్షనరీ చూడక్కర్లేదు.

తమ్ముడు


జులై 20

చిన్నోడా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ అది ఇంకెవరి తమ్ముడో రాసింది అయితే బాగుండుననిపించింది.

నేను చెప్పేది విను. నాతో చెప్పుకున్నావు, ఆ బరువు దిగింది. అక్కడ చెప్పకు. ఇరవై నెలల్లో రిటైరవుతావు. ఇప్పుడు ఉద్యోగం పోయి ఇల్లు కదిలిపోతే మా మరదలు తట్టుకోలేదు. వాళ్లు అడిగితే గుర్తులేదు అను. గుర్తులేదనడం అబద్ధం కిందికి రాదు. పందొమ్మిదేళ్లలో ఒక్క పొద్దున ఎవరికి గుర్తుంటుంది? మీసాలాయన వైద్యం సంగతి వేరే దారిలో చూద్దాం. నేను హెడ్మాస్టరుగారిని అడుగుతాను, ఆయనకి నలుగురు తెలుసు.

ఇది సరైన సలహా కాదని నాకు తెలుసు. టీచరుగా అడిగితే ఇంకోలా చెప్పేదాన్ని. నాకు ఉన్నది నువ్వొక్కడివే. అందుకని ఇలా రాస్తున్నాను.

అక్క


జులై 25

అక్కా,

నీ ఉత్తరం విచారణ రోజు పొద్దున్నే అందింది. చదివి చొక్కా జేబులో పెట్టుకునే వెళ్లాను. గుర్తులేదండీ అనే మాట దారి పొడవునా నోట్లో తిప్పుకున్నాను. చాలా తేలిగ్గా వస్తోంది.

చిన్న గది. బల్లకి అటువైపు ముగ్గురు, చివర్లో రాసుకునే అమ్మాయి. మీసాలాయన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. అతని భార్య వెనక నిలబడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. మధ్యలో ఉన్న అధికారి మంచివాడే. నన్ను ఇందులోంచి బయటపడెయ్యాలనే చూశాడు.

"మీ అక్కగారి ఉత్తరం చూశాం. మీకు ఆ మాట అర్థం తెలియదు కాబట్టి, మీ సంతకాన్ని పక్కన పెడుతున్నాం. మాస్కు లేకుండా లోపలికి వెళ్లడం ఆయన సొంత నిర్ణయమే కదా?" అన్నాడు.

మీసాలాయన తల ఊపాడు. అవును, నా సొంత నిర్ణయమే అన్నట్టు ఊపాడు అక్కా. నాకోసం. అతనికి మాట రావడం లేదు గాని తల ఊపడం వచ్చు. అతని భార్య కళ్లు మూసుకుంది.

అప్పుడిక జేబులో నీ ఉత్తరం ఉన్నా చదవనట్టే అయిపోయింది.

"కాదండీ. నాకిప్పుడు ఆ మాట అర్థం తెలుసు. దాన్ని తియ్యకండి, ఉంచండి" అన్నాను. వాషరు సంగతి చెప్పాను. టిక్కుల సంగతి చెప్పాను. అతను గుమ్మంలో నిలబడి అడిగిందీ, నేను ముక్కు చూపించి జోకు వేసిందీ చెప్పాను. "వెళ్లు అన్నది నేనండీ. ఆయన వెళ్లింది నా మాట మీద" అన్నాను.

 రాసుకునే అమ్మాయి తలెత్తి, "కొంచెం నెమ్మదిగా చెబుతారా, రాసుకోవాలి" అంది. మళ్లీ మొదటినుంచి చెప్పాను, ఒక్కో ముక్కా ఆగి ఆగి. మొదటిసారి ఎలాగో గబగబా అనేశాను గాని, ఆ రెండోసారి చెప్పడం ఎవరికీ రాకూడదు.

సాయంత్రానికి కాగితం ఇచ్చారు. నా ఉద్యోగం పోయింది. మీసాలాయన వైద్యం పూర్తయ్యేదాకా ఆఫీసే చేయిస్తుంది. ఇంటికొచ్చి నీ మరదలికి అంతా చెప్పాను. గచ్చు మీద కూర్చుని విని, "మూడేళ్లు నాకూ ఏం చెప్పలేదే" అంది. అన్నం పెట్టింది. తను తినలేదు.

నువ్వు చెప్పినట్టు చెయ్యనందుకు కోపగించుకోకు.

తమ్ముడు


ఆగస్టు 1

తమ్ముడూ,

కోపమా! నువ్వు అలా చెయ్యమని నేను రాయలేకపోయాను. ఆ సిగ్గు నాకు ఉంటుంది, ఉండనీ.

నువ్వు ఆ గదిలో రెండోసారి చెప్పిన సంగతి చదివి, ఎదురింటావిడ తలుపు తట్టాను. జూన్‌లో ఆవిడతో నీ గురించి చెప్పింది తప్పని, అసలు అర్థం ఇదని, తప్పు చెప్పింది నేనని చెప్పాను. ఆవిడకి అదంతా గుర్తే లేదు. "ఆహా, అలాగా" అని, పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్లిపోయింది. లైబ్రరీలో కూడా చెప్పాను. తప్పు ఒప్పుకోవడం అలవాటు లేక, అక్కడ రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

మీసాలాయన భార్యకి కూడా రాశాను. మీ భర్త మంచం పక్కన నా తమ్ముడు అలా మాట్లాడటానికి కారణం నేను, మీ మౌనానికి తప్పుడు అర్థం చెప్పిందీ నేనే అని. ఒక్క వాక్యం జవాబొచ్చింది, టైపు చేసి: "మీ ఉత్తరం అందింది." అంతకంటే నేను ఆశించకూడదు.

నీ దగ్గరికి రానా? వస్తే మా మరదలు ఏమంటుంది? తనని అడిగి రాయి. వద్దంటే నేనేమీ అనుకోను.

అక్క


సెప్టెంబర్ 14

అక్కా,

నీ మరదలు రమ్మంటోంది. వచ్చే నెల రా. వంటింట్లో నాకు చేతకాని పనులన్నీ నువ్వే చెయ్యాలంటోంది. ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు గాని, నీ పేరు ఎత్తితే మాట్లాడుతోంది. నాకు పంపులు బాగుచేసే ఒక షాపులో పని దొరికింది, మధ్యాహ్నం నుంచి.

మీసాలాయన్ని పోయిన నెలలో ఇంటికి పంపారు. వెళ్లాలా వద్దా అని పది రోజులు తిరిగాను. చివరికి ఒకరోజు పొద్దున వెళ్లి తలుపు కొట్టాను. అతని భార్య తీసింది. లోపలికి రమ్మనలేదు, తలుపూ వెయ్యలేదు. గుమ్మంలోనే నిలబడి అంది:

"మాస్కు ఎందుకు పెట్టుకోలేదు, ఎందుకు పెట్టుకోలేదు అని నాలుగు నెలలు ఈయన్నే తిట్టానండీ. మాట రాని మనిషిని. మీరు వెళ్లమన్నారని ఈయన నాకు చెప్పలేదు. రాసి చూపించడానికి పలక ఇచ్చాను, దాని మీద కూడా రాయలేదు."

నేను క్షమించమనలేదు అక్కా. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంటే ఆవిడ ఏదో ఒకటి అనాల్సి వస్తుంది, అది కూడా నేను ఆవిడ నెత్తిన పెట్టే బరువే. ఆవిడ కాస్త పక్కకి జరిగాక లోపలికి వెళ్లాను.

లోపల కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడతను. మీసం మళ్లీ వస్తోంది, తెల్లగా. రెండేసి మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుని మాట్లాడాడు.

"నువ్వు చెప్పావని... నా ఊపిరి... తిరిగి రాదన్నా."

"రాదురా" అన్నాను.

"ఆవిడ మాత్రం... తిట్టడం మానేసింది." కాస్త ఆగాడు. "డాక్టరు రోజూ... మెట్లు దిగమన్నాడు. ఈవిడ ఆఫీసుకి... పోతుంది. ఒక్కణ్ణీ దిగాలంటే... భయం."

వాళ్లది రెండో అంతస్తు. అప్పటినుంచి రోజూ పొద్దున వెళ్తున్నాను. అతను మెట్ల కమ్మీ పట్టుకుని దిగుతాడు, నేను ఒక మెట్టు ముందు ఉంటాను, తూలితే పట్టుకోవడానికి. మాట్లాడుకోం. మాట్లాడితే అతనికి ఊపిరి చాలదు. నాకు మాటలు చాలవు. అతను ఆగినప్పుడు ఆగుతాను. పోనీలే, ఇవాళ్టికి చాలు అని నేను అనను, అతను అన్నాకే వెనక్కి తిరుగుతాను. మొదటి రోజు ఆరు మెట్లు దిగాం. నిన్న పదకొండు. ఇవాళ తొమ్మిదే.

తమ్ముడు